క్యాబిన్ కిటికీలోంచి పండోరా

సీక్వెల్ బొమ్మ హాలుకొస్తోందంటే ఆపరేటరన్నవాడు మొదటి భాగం ఇంకోసారి చూసి తీరాలి. కథ జనానికే బాగా గుర్తుంటుంది, దాని గొడవ మనకి అక్కర్లేదు. మొదటి భాగంలో చీకటి ఎంత చీకటిగా ఉంది, నిశ్శబ్దం ఎక్కడెక్కడ పెట్టారు, జనాన్ని ఏ రూలుకి అలవాటు చేశారు, ఈ మూడూ మన చేతికి తెలిసి ఉండాలి. ఆట విడిచాక టీకొట్టు దగ్గర జరిగే తగువంతా వీటి చుట్టూనే తిరుగుతుంది. అంతరిక్షం బొమ్మలైతే మరీను.

పెద్దాపురంలో పుట్టి, ఇక్కడే క్యాబిన్ ఎక్కి, జుట్టు నెరిసేదాకా ఇదే పని చేశాను. రీళ్ళ కాలం చూశాను, హార్డ్ డిస్కుల కాలం చూస్తున్నాను. నువ్వు పనిలో కొత్త కాబట్టి ఒక సంగతి ముందే చెప్తాను విను. అభిమానులు ఒక సినిమా గురించి తగువులాడుకుంటున్నారంటే, చాలాసార్లు వాళ్ళు చూసింది ఒకే సినిమా అయ్యుండదు. పోస్టరు ఒకటే, పేరొకటే. ఒకడి కంటికి చేరిన వెలుగు వేరు, ఇంకొకడి చెవికి చేరిన చప్పుడు వేరు. ఆ తేడా సగం మన క్యాబిన్లలోనే పుడుతుంది. కథ బాగుందా, సైన్సు నిజమా అని వాళ్ళు కొట్టుకునే ముందు, వాళ్ళకి సరైన బొమ్మ చూపించే పూచీ మనది.

నాకు పని నేర్పిన గురువుగారు మద్రాసులో కొన్నాళ్ళు, కాకినాడలో కొన్నాళ్ళు చేసి మా ఊరొచ్చారు. అప్పట్లో కార్బన్ ఆర్కు మిషన్లు. రెండు కార్బన్ పుల్లల మొనలు దగ్గరికి చేరిస్తే మంట పుడుతుంది, దాని వెనక అద్దం ఆ వెలుగుని గేటులోకి తోస్తుంది. పుల్ల కాలేకొద్దీ జరుపుకుంటూ రావాలి. జరపడం మరిచావా, తెర పసుపెక్కిపోతుంది. వెయ్యడుగుల రీళ్ళు రెండేసి కలిపి చుట్టుకునేవాళ్ళం, ఒక్కొక్కటి ఇరవై రెండు నిమిషాలు. రీలు చివరికొచ్చేసరికి తెర కుడిపక్క పైమూల చుక్క పడుతుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు వెయ్యాలి. రెండో చుక్కకి ఇటు మూసి అటు తెరవాలి. మధ్యలో ఉండేది ఏడు సెకన్లే. మరిడమ్మ జాతర రోజుల్లో, హాలు కిటకిటలాడే రెండో ఆటలో, గురువుగారు మొదటిసారి చేంజోవరు నా చేతికి వదిలారు. చుక్క పడింది, మోటారు వేశాను, మార్చాను. ‘ఎవడూ వెనక్కి తిరగలేదు చూశావా’ అని మాత్రం అన్నారు. ఆ రాత్రి టీ డబ్బులు ఆయనే ఇచ్చారు.

ఆయన దగ్గర నేర్చుకున్న ఇంకో కిటుకు కింది లూపు. రీలు మీద చప్పుడు గీత, దానికి సంబంధించిన బొమ్మ కంటే ఇరవై ఫ్రేములు ముందుంటుంది. గేటుకీ సౌండు హెడ్డుకీ మధ్య వదులుగా వదిలే ఫిల్ము కొలత తప్పిందంటే పెదాలు ఒకటంటాయి, మాట ఇంకోటి వినిపిస్తుంది. డబ్బింగు బొమ్మ అయితే జనం మనని అనుమానించరు, డబ్బింగు చెప్పినవాణ్ణి తిడతారు. అందుకని డబ్బింగు బొమ్మలకి గురువుగారు మరీ జాగ్రత్తగా లూపు వేసేవారు. ఎవరో మద్రాసులో చీకటి గదిలో కూచుని కష్టపడి సరిపెట్టిన మాటని మనం చెడగొట్టకూడదనేవారు.

ఇక ఇంటర్వెల్ సంగతి. ఇంగ్లీషు బొమ్మకి మామూలుగా ఇంటర్వెల్ ఉండదు. ఇంటర్వెల్ లేకపోతే మన హాలు నడవదు. క్యాంటీను వాడు బతకాలి, చంటిపిల్లల తల్లులు లేచి బయటికి రావాలి. డిస్ట్రిబ్యూటరు ఎక్కడ ఆపాలో రాసి పంపిస్తే సరే. లేకపోతే ఆపరేటరే నిర్ణయించాలి. పొరుగూళ్ళో ఒక హాలు ఉండేది, అక్కడ ఆలోచన ఏమీ లేదు, సగం రీళ్ళయ్యాయా లైట్లు వేసెయ్యడమే. ఒకసారి పాత్ర నోరు తెరిచి మాట మొదలుపెట్టగానే ఆపేశారు. మళ్ళీ మొదలయ్యేసరికి ఆ మాటే పోయింది. గురువుగారు మాత్రం బొమ్మని మార్నింగ్ షోకి ముందే ఖాళీ హాల్లో వేసుకుని చూసేవారు. ఒక ప్రశ్న గాలిలో ఉండాలి, తెర మీద ఎవరూ మాట్లాడుతూ ఉండకూడదు, పాట గాని వాద్యం గాని సగంలో తెగకూడదు. ఈ మూడూ కుదిరిన చోటే ఆపేవారు.

దానికి ఆయన చెప్పే ఉదాహరణ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’. స్టాన్లీ కుబ్రిక్ 1968లో, మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడానికి ముందు ఏడాది, తీసిన బొమ్మ. దానికి ఇంటర్వెల్ కుబ్రిక్కే పెట్టాడు. ఓడలో ఇద్దరు వ్యోమగాములు, హాల్ అనే కంప్యూటరుకి వినపడకుండా మాట్లాడుకోవాలని చిన్న పాడ్‌లో కూచుని మైకులన్నీ కట్టేస్తారు. హాల్‌ని ఆపెయ్యాలా అన్నది వాళ్ళ మంతనం. అప్పుడు బొమ్మ హాల్ కంటిలోంచి కనిపిస్తుంది. చప్పుడు లేదు, అద్దం అవతల వాళ్ళ పెదాలు కదులుతున్నాయి. కంప్యూటరు పెదాలు చదివేస్తోందని మనకి తెలుస్తుంది. అక్కడ ఇంటర్వెల్. మద్రాసులో ఆ బొమ్మ చూసినప్పుడు జనం లేచి నిలబడి కూడా తెర వైపే చూస్తూ ఉండిపోయారని గురువుగారు చెప్పేవారు.

ఆ బొమ్మకి 1984లో సీక్వెల్ వచ్చింది, ‘2010’. దర్శకుడు పీటర్ హయమ్స్, ఆధారం ఆర్థర్ సి. క్లార్క్ 1982లో రాసిన నవల. మా ఊళ్ళో ఒక ఫిజిక్స్ మాస్టారు, అప్పటికి కాలేజీలో పని చేస్తుండేవారు, వీడియో క్యాసెట్టు సంపాదించి నన్నూ గురువుగారినీ ఇంటికి పిలిచారు. ఒకే రోజు రెండూ చూశాం. ఆ సాయంత్రం వాళ్ళిద్దరి మధ్య జరిగిన వాదన నాకు ఈ వృత్తిలో పెద్ద చదువు.

మాస్టారిది ఒకటే పట్టు. ‘హాల్ ఎందుకు చంపాడో మొదటి దాంట్లో చెప్పలేదండీ. ఇందులో చెప్పాడు. అసలు పని గురించి దాచిపెట్టమని పైవాళ్ళు దానికి ఆజ్ఞ వేశారు. నిజం చెప్పడానికే తయారు చేసిన యంత్రంతో అబద్ధం ఆడించారు. అది తట్టుకోలేకపోయింది. ఇంతకంటే న్యాయమైన కారణం ఏముంటుంది?’ దాన్ని కనిపెట్టినవాడు డాక్టర్ చంద్ర. నవల్లో ఆయన మన భారతీయుడే, శివసుబ్రమణియన్ చంద్రశేఖరంపిళ్ళై. సినిమాలో ఆ వేషం అమెరికా నటుడు బాబ్ బలబన్‌కి ఇచ్చారని, నవల్లో ఉన్న చైనా ఓడని పూర్తిగా తీసేసి రష్యా అమెరికాల యుద్ధ భయాన్ని పెంచేశారని మాస్టారికి కోపం. అయినా, బృహస్పతి దగ్గరికి చేరిన ఓడ, చుట్టూ రక్షణగా గాలిబుడగ లాంటి కవచం కట్టుకుని, ఆ గ్రహం వాతావరణంలోనే దూసుకుపోయి వేగం తగ్గించుకునే ఘట్టానికి మురిసిపోయారు. అది పుస్తకంలోంచి ఊడిపడ్డ ఫిజిక్సన్నారు.

గురువుగారు ఒప్పుకోలేదు. ‘మాస్టారూ, కారణం బాగానే ఉందండీ. మరి చప్పుడో?’ అన్నారు. మొదటి దాంట్లో ఓడ బయట చప్పుడు లేదు. మనిషి ఊపిరి మాత్రం హెల్మెట్ లోపల వినిపిస్తుంది. రెండో దాంట్లో ఓడ ఇంజన్ల హోరు పెట్టారు. ‘అక్కడ గాలి లేదని మీరే చెప్పారు. ఆ హోరు ఎక్కడిది? మొదటి బొమ్మ మాకు నేర్పిన రూలుని రెండోది మరిచిపోయింది. నాకు అక్కడే పోయింది నమ్మకం.’

నేను అప్పుడూ గురువుగారి పక్షమే, ఇప్పుడూ ఆయన పక్షమే. సీక్వెల్ కొత్త రూలు పెట్టొచ్చు, పాతదాన్ని పట్టించుకోకుండా వదిలెయ్యకూడదు. హాల్ విషయంలో మాత్రం మాస్టారే గెలిచారని నా లెక్క. 2010ని అంతా కలిపి కొట్టిపారేసేవాళ్ళకి ఆ కంప్యూటరు చివర్లో నిజం తెలుసుకుని, ఓడతో పాటు తను ఉండిపోవడానికి ఒప్పుకునే ఘట్టం గుర్తు చేస్తుంటాను.

నిశ్శబ్దం మాటకొస్తే ‘గ్రావిటీ’. అల్ఫాన్సో క్వారోన్ తీసిన బొమ్మ, 2013. అప్పటికి మా మిషన్లు పోయాయి, సర్వరూ, జెనాన్ లాంపూ వచ్చాయి. ఆ బొమ్మ మొదట్లో నల్లతెర మీద అక్షరాలు పడతాయి: అక్కడ చప్పుడు మొయ్యడానికి ఏమీ లేదని, బతకడం అసాధ్యమని. వెనకాల హోరు పెరుగుతూ పెరుగుతూ చెవులు బద్దలవుతాయేమో అన్నంత దాకా వెళ్ళి, ఒక్కసారిగా తెగిపోతుంది. తెర మీద భూమి. మచ్చుకి కూడా చప్పుడు లేదు.

ఆట వేసిన మొదటి రోజు ఆ చోట హాలు దద్దరిల్లింది. ‘ఏయ్ సౌండూ! సౌండెయ్యవోయ్!’ ఈలలు. నా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు కంగారుపడి ఫేడరు మీద చెయ్యేశాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. వాడు ఆ క్షణాన లెవెల్ పెంచి ఉంటే, కాసేపట్లో మాటలు, వాద్యం వచ్చేసరికి పెంచిన లెవెల్లోనే హాలు మీద పడేవి. ముందు వరసల్లో పిల్లలు ఏడ్చేవాళ్ళు, స్పీకరు కోనులు పోయేవి. అంతకంటే ముఖ్యం, దర్శకుడు డబ్బు పోసి కొన్న నిశ్శబ్దాన్ని మేమే పాడు చేసినట్టయ్యేది. మర్నాటి నుంచి ఒక పని చేశాం. టికెట్టు చింపే దగ్గర మనిషి చేత ‘మొదట్లో చప్పుడుండదండీ, అలాగే తీశారు’ అని చెప్పించాం. ఆ రోజు నుంచి ఈలలు లేవు. నువ్వూ ఇది గుర్తుపెట్టుకో: మిషను ఆరోగ్యంగా ఉందో లేదో మీటర్లు చూసి తేల్చుకోవాలి, ఈలలు విని తేల్చుకోకూడదు.

దాని ఇంటర్వెల్ కూడా చెప్తాను. తొంభై ఒక్క నిమిషాల బొమ్మ. సాండ్రా బుల్లక్ పాత్ర ఎలాగో స్పేస్ స్టేషన్లో పడి, సూటు విప్పి, కడుపులో బిడ్డలా ముడుచుకుని గాలిలో తేలుతుంది. ఆ షాటు పూర్తయ్యేదాకా ఉండి ఆపాను. గురువుగారి మూడు షరతులూ అక్కడే కుదిరాయి.

మన తెలుగులో సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం 9000 కెఎంపీహెచ్’ 2018 డిసెంబరు 21న వచ్చింది. అంతకు ముందు ఏడాది ‘ఘాజీ’తో సబ్‌మెరైన్‌లోకి తీసుకెళ్ళినాయనే. మన భాషలో ఇలాంటిది తీశారు, మెచ్చుకోవాలని కొందరు. సైన్సు తప్పులున్నాయి, వరుణ్ తేజ్ ఒక్కడే అన్నీ చేసేస్తున్నాడని కొందరు. జాలిపడి మెచ్చుకోవడం నాకు నచ్చలేదు. సొంతంగా పెట్టుకున్న రూలు నిలబెట్టుకుందా లేదా అని అడగాలి, హాలీవుడ్‌ని అడిగినట్టే. బరువు లేని మనుషులని చూపించడానికి తీగెల మీద నటులు వేలాడి చేసిన కష్టం మాత్రం నాకు కిటికీలోంచి కనిపించింది. భుజం కదలికకీ నడుం కదలికకీ మధ్య రవ్వంత ఆలస్యం ఉంటుంది. అది కుదిరిన షాట్లు ఆ బొమ్మలో ఉన్నాయి.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికొస్తాను. ‘అవతార్’ 2009 డిసెంబరులో వచ్చింది. దాని సీక్వెల్ ‘ది వే ఆఫ్ వాటర్’ 2022 డిసెంబరు 16న. మధ్యలో పదమూడేళ్ళు. మొదటి భాగం అమ్మ ఒళ్ళో కూచుని చూసిన పిల్లలు మీసాలతో వచ్చారు. తెలుగు మాటలు అవసరాల శ్రీనివాస్ రాశారు. నూట తొంభై రెండు నిమిషాలు. ఆల్ఫా సెంటారీ దగ్గర పాలిఫీమస్ అనే పెద్ద వాయుగ్రహం, దాని చుట్టూ తిరిగే చందమామ పండోరా. కథంతా అక్కడే.

వారం తిరక్కుండానే టీకొట్టు దగ్గర రెండు జట్లు తయారయ్యాయి. ఒకడు మన ఊరి నవోదయలో చదివి, ఇప్పుడు హైదరాబాదులో గ్రాఫిక్స్ పని చేస్తున్న కుర్రాడు. ఇంకొకడు ఏడీబీ రోడ్డు మీద మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడు.

‘అదేం సహజం బాబాయ్, బొమ్మ మరీ నున్నగా జారిపోతోంది. టీవీ సీరియల్ చూసినట్టుంది. నీళ్ళు సెట్టు నీళ్ళని తెలిసిపోతోంది’ అన్నాడు గ్రాఫిక్స్ కుర్రాడు.

‘నీ మొహం. సముద్రం అడుగుకి తీసుకెళ్ళి కూచోబెట్టాడు. ఉప్పాడ పోయినా అంత నిజంగా ఉండదు’ అన్నాడు మెకానిక్కు.

ఇద్దరికీ కళ్ళున్నాయి. ఇద్దరూ తెలివైనవాళ్ళే. నాకు అనుమానం వచ్చి అడిగాను, ‘ఒరే అబ్బాయ్, నువ్వెక్కడ చూశావు?’

‘హైదరాబాదులో, హెచ్‌ఎఫ్‌ఆర్ వేసిన హాల్లో.’

‘నువ్వు?’

‘మన హాల్లోనే బాబాయ్.’

తేలిపోయింది. సినిమా మామూలుగా సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు. రీలు మిషన్లో షట్టరు ఒక్కో బొమ్మని రెండుసార్లు వెలిగించేది, మినుకు తెలియకుండా. వెలుగులు నలభై ఎనిమిదైనా బొమ్మలు ఇరవై నాలుగే. ఆ కాస్త మసకకి మన కళ్ళు తరాలుగా అలవాటుపడి, అదే సినిమా అనుకుంటున్నాయి. జేమ్స్ కామెరాన్ ఈ బొమ్మలో నీటి అడుగు ఘట్టాలకీ, గబగబా కదిలే ఘట్టాలకీ సెకనుకి నలభై ఎనిమిది నిజం బొమ్మలు వాడాడు. నిలబడి మాట్లాడుకునే చోట ఇరవై నాలుగుకి దిగాడు. హెచ్‌ఎఫ్‌ఆర్ అంటే అదే. దానికి తగ్గ సరంజామా ఉన్న హాళ్ళలో ఈ ఎక్కడం దిగడం కంటికి తెలుస్తుంది. లేని హాళ్ళలో బొమ్మంతా ఇరవై నాలుగులోనే నడిచింది. మాది రెండో రకం. వాళ్ళిద్దరూ వేరు వేరు నీళ్ళు చూసి ఒకే నీళ్ళ గురించి పోట్లాడుకున్నారు.

వెలుగు కూడా ఇలాంటిదే. మామూలు బొమ్మకి తెర మీద పద్నాలుగు ఫుట్ లాంబర్ట్‌ల వెలుగుండాలని లెక్క. త్రీడీ అద్దాలు పెట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది, మూడో వంతు మిగిలితే గొప్ప. దానికి తోడు లాంపు గంటలు దాటినా మార్చకుండా లాగే హాళ్ళున్నాయి. ఈ సీక్వెల్ చివరి ఘట్టమంతా రాత్రి, మునిగిపోతున్న ఓడ లోపల. ‘చివర్లో ఏం జరిగిందో అర్థం కాలేదు, కథ గందరగోళం’ అని ఒకాయన నాతో వాదించాడు. ఆయన చూసింది వేరే ఊళ్ళో. ఆయన్ని మాట్నీకి తీసుకొచ్చి మా హాల్లో కూచోబెట్టాను. ఆ బొమ్మ వేసే ముందే మా యజమానిని బతిమాలి కొత్త లాంపు వేయించుకున్నాను. ఆట అయ్యాక గందరగోళం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. చోటు కూడా చూసుకోవాలి. త్రీడీకి వాడే వెండి తెర నడిమి వరసలకి వెలుగు ఎక్కువ ఇస్తుంది, అంచు సీట్లకి తక్కువ. తెలిసినవాళ్ళు అడిగితే నడిమి సీటు చెప్పు.

ఇంకో హాల్లో అయితే కుడికన్ను బొమ్మ ఎడమకన్నుకి, ఎడమది కుడికి పోయేలా వేసేశారు. దగ్గరిది దూరంగా, దూరంది దగ్గరగా కనపడుతుంది. జనం తలనొప్పితో బయటికొచ్చి ‘గ్రాఫిక్స్ చెత్త’ అన్నారు. ఎన్నో ఏళ్ళు వందలమంది కూచుని చేసిన పని అది. 2023లో దానికే ఆస్కార్ ఇచ్చారు. అందుకే ప్రతి త్రీడీ ఆటకి ముందు అద్దాలు పెట్టుకుని, టెస్టు బొమ్మ వేసి, ఒక కన్ను మూసి ఇంకో కన్ను మూసి చూసుకోవాలి. అర నిమిషం పని.

క్యాబిన్ తప్పులన్నీ తీసేశాక మిగిలిందే అసలైన తగువు. దాంట్లో నాకూ నా మాట ఉంది.

ఫస్టాఫ్ సాగదీశాడన్నది మొదటి ఫిర్యాదు. మనవాళ్ళు బొమ్మని ఫస్టాఫు, సెకండాఫుగా కొలుస్తారు. కామెరాన్ అలా కట్టలేదు. ఇంటర్వెల్ ఎక్కడ పడితే ఫస్టాఫ్ అక్కడిదాకానే కదా. కొన్నిచోట్ల, కథానాయకుడు జేక్ కుటుంబం నీటి మనుషుల పల్లెకి చేరాక కాసేపటికే ఆపేశారు. అక్కడ ఆపితే అంతదాకా పరుగు, అక్కణ్ణుంచి ఈత నేర్చుకోవడం; సెకండాఫ్ చప్పగా మొదలవుతుంది. నేను ఇంకా లాగి, తిమింగలం లాంటి పాయకన్, జేక్ చిన్న కొడుకు లోఆక్‌ని కాపాడిన ఘట్టం తర్వాత ఆపాను. వెలివేసిన జంతువు, తండ్రి కోపానికి నలిగిన కొడుకు, ఇద్దరూ ఒకచోట చేరారు. బయటికి వచ్చినవాళ్ళు పకోడీలు తింటూ దాని గురించే మాట్లాడుకున్నారు. సాగదీశాడన్న మాట మా హాలు మెట్ల మీద తక్కువ వినిపించింది.

రెండో ఫిర్యాదు సైన్సుది. బొమ్మ మొదట్లో జేక్ కుటుంబం రాత్రి ఆకాశంలో కొత్త చుక్క చూస్తుంది, మొహాలు మాడిపోతాయి. తర్వాత ఓడలు మంటలు కిందికి కక్కుకుంటూ దిగి అడవిని తగలబెడతాయి. ‘చుక్కెందుకు కనపడింది? ఓడ ముందుకొస్తుంటే మంట వెనక ఉండాలి కదా, మనకి కనపడకూడదు’ అని మెకానిక్కే పట్టాడు. ఇంజన్లతో బతికేవాడు, సరైన ప్రశ్న. ఇప్పుడు రిటైరైన మా ఫిజిక్స్ మాస్టారు టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పారు: ‘ఆరేళ్ళ పాటు వచ్చిన ఓడరా అది. ఆగాలంటే అక్కడ గాలి లేదు, రోడ్డు లేదు. వెనక్కి తిరిగి, వెళ్ళే వైపుకే ఇంజన్ మండించాలి. ఆ మంటే నీకు చుక్క.’ మెకానిక్కు సగమే నమ్మాడు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగడం టీవీలో చూసి, ఆ రాత్రే నా దగ్గరికొచ్చాడు. ‘బాబాయ్, విక్రమ్ కూడా వెళ్ళే వైపుకే ఇంజన్లు మండిస్తూ వేగం తగ్గించుకుంది. మాస్టారు చెప్పింది నిజమే.’ జనం తప్పు పట్టిన చోటే ఆ బొమ్మ ఎక్కువ నిజాయితీగా ఉంది.

మూడో ఫిర్యాదుకి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే అది న్యాయమైనది. చివరి యుద్ధానికి నీటి మనుషుల తెగ అంతా వస్తుంది. పాయకన్ ఓడ మీదికి దూకి చిందరవందర చేస్తుంది. ఆ తర్వాత కాసేపటికి తెగ మొత్తం కనపడకుండా పోతుంది. జేక్ కుటుంబం ఒక్కటే మిగులుతుంది. ఎక్కడికి పోయారు, ఎందుకు పోయారు, ఒక్క షాటు లేదు. ప్రతి ఆటలోనూ అక్కడ హాల్లో కదలిక వచ్చేది. వీపులు కుర్చీలకి ఆనుకునేవి, ఫోన్ల వెలుగు అక్కడక్కడ పైకి లేచేది. పెద్ద కొడుకు నెటేయమ్ చనిపోయే ఘట్టానికి మళ్ళీ అందరూ ముందుకి వంగేవాళ్ళు. తండ్రీ కొడుకుల కథ మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి, ఊరి జనాన్ని అలా వదిలెయ్యకూడదు. నీళ్ళు ఎంత నిజంగా ఉన్నా ఆ కన్నం పూడదు. గ్రాఫిక్స్ కుర్రాడూ మెకానిక్కూ ఈ ఒక్కదాని మీద మాత్రం ఒకటయ్యారు.

మూడో భాగం ‘ఫైర్ అండ్ యాష్’ 2025 డిసెంబరు 19న వచ్చింది. దానికి ముందు నేను చెప్పినట్టే మొదటిది మళ్ళీ చూశాను. అందులో ఒక గట్టి రూలుంది: పండోరా గాలిలో మాస్కు లేకపోతే మనిషికి ఇరవై సెకన్లలో స్పృహ పోతుంది, నాలుగు నిమిషాల్లో ప్రాణం పోతుంది. ఆ బొమ్మలోనే విలన్ క్వారిచ్ మాస్కు లేకుండా బయటికి దూకి తుపాకీ కాలుస్తాడు. పరీక్షగా చూస్తే ఊపిరి బిగబట్టే ఉంటాడు. రూలు చెడలేదు. అలాంటి చోట 2009 నాటి మనుషుల మీద నాకు గౌరవం పెరుగుతుంది. మూడో భాగంలో, స్పైడర్ అనే మనిషి పిల్లాడు మాస్కు లేకుండా ఊపిరి తీస్తాడు. కిరి అనే అమ్మాయి పండోరా వేళ్ళ శక్తితో వాడి ఒళ్ళే మార్చేస్తుంది.

మాస్టారు భగ్గుమన్నారు. పదహారేళ్ళుగా నిలబెట్టిన రూలుని ఒక మంత్రంతో తీసేశాడన్నారు. గ్రాఫిక్స్ కుర్రాడు సంక్రాంతికి ఊరొచ్చి, తీసెయ్యలేదండీ, మార్చాడు, ఆ మార్పు మనుషుల చేతికి చిక్కితే పండోరాకే ముప్పని కథ దాని మీదే నడిచిందన్నాడు. నా ఓటు కుర్రాడిదే. ‘2010’లో ఇంజన్ హోరు ఊరికే వచ్చి చేరింది, దానికి ఎవరూ ఏమీ చెల్లించలేదు. ఇక్కడ చెల్లింపు ఉంది. మాస్టారితో ఆ మాటే అన్నాను. ‘మీ గురువుగారు ఉంటే నా వైపుండేవారు’ అన్నారాయన. అయ్యుండొచ్చు.

ఈసారి గ్రాఫిక్స్ కుర్రాణ్ణీ మెకానిక్కునీ మా హాల్లోనే, ఒకే ఆటకి, నడిమి వరసలో పక్కపక్కనే కూచోబెట్టాను. ఒకే లాంపు, ఒకే లెవెలు, ఒకే ఇంటర్వెల్. ఆట విడిచాక రెండు టీలు అయ్యేదాకా వాదించుకున్నారు, వెలుగు మాట గాని చప్పుడు మాట గాని రాలేదు. స్పైడర్ ఊపిరి గురించే.